పిల్లి చుక్క

అయినా ఆ స్క్రూ దానంతట అదే వదులవుతోందని అతను నిజంగా నమ్ముతున్నాడా, లేక నమ్మినట్టు కనిపించడం కూడా వ్యాపారంలో ఒక మర్యాదేనా? కళ్ళజోళ్ళు బాగుచేసే మనిషికి స్క్రూల స్వభావం తెలియకుండా ఉంటుందా? ఒకసారి వదులైందంటే సరే. రెండోసారంటే ఫ్రేము పాతబడిందనుకోవచ్చు. అదే కుడివైపు స్క్రూ, వారం తిరక్కుండా మళ్ళీ మళ్ళీ వదులైపోతుంటే ఎవరైనా ఏదో ఒకటి అనుకోరూ? ఏమీ అనుకోకపోతే అది ఇంకా అవమానం.

ఆలోచన ఇంతవరకూ వచ్చేసరికి ఆమె వేళ్ళ మధ్య స్పిరిట్ దూది ఆరిపోయింది. తుడవాల్సిన ముంజేయి బల్లమీద అలాగే వెల్లకిలా పడుంది. ఆ చెయ్యి అతనిదే.

“మొదలుపెట్టారా, అయిపోయిందా?” అన్నాడు అతను. ముక్కు దిబ్బడేసిన గొంతు.

“ఇంకా తుడవనే లేదు.”

“నొప్పి తెలియకపోయేసరికి, మీ చెయ్యి చాలా మంచిదనుకున్నాను.”

ఆమె ఇంకో దూది తీసుకుంది.

ఆ ఎలర్జీ క్లినిక్‌లో చర్మపరీక్షలు చేసేది ఆమే. చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మూలన ఫ్రిజ్. ఫ్రిజ్‌లో వరసగా చిన్న చిన్న సీసాలు. దుమ్ములో పురుగు, బొద్దింక, బూజు, గడ్డి పుప్పొడి, కుక్క, పిల్లి. లోకంలో ఉన్న చికాకులన్నీ ఆమె ఫ్రిజ్‌లో మంచినీళ్ళంత అమాయకంగా నిలబడి ఉంటాయి. వచ్చేవాళ్ళని ఆమె పేర్లతో గుర్తుపెట్టుకోదు. బొద్దింక లెక్చరర్, బూజు పెద్దమ్మ, పుప్పొడి ప్లీడరు, అలా. అతను ఇంకా ఏదీ కాలేదు.

అతని షాపులో మాత్రం ఆమెకి ఎప్పుడో పేరు పెట్టేశారు. వీధి మలుపులో ఉన్న ఆ కళ్ళజోళ్ళ షాపులో మనుషులకి వాళ్ళ పవర్ని బట్టి పిలుపు. ఆమె ‘మైనస్ నాలుగున్నర మేడమ్’. మొదటిసారి విన్నప్పుడు కోపం వచ్చింది. ఇంటికెళ్ళాక, మైనస్ నాలుగున్నర ఉన్న ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉంటారో, వాళ్ళందర్నీ ఇంత నవ్వుతూనే పిలుస్తాడా ఏమిటని ఆలోచించింది. అప్పుడా కోపం ఇంకో రకం కోపంగా మారింది. దాన్ని చల్లార్చుకోడానికి ఏ షాపులోనో ఒక బుల్లి స్క్రూడ్రైవర్ కొనుక్కుంది. అదే ఇప్పటివరకూ చల్లారనివ్వలేదు.

ఇంత జరిగినా ఆమె అతని ముఖాన్ని దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అతను దగ్గరికొచ్చేది జోడు తీసుకోడానికే. జోడు తీశాక ఆమెకి లోకంలో ముఖాలుండవు, రంగులే. వేళ్ళు మాత్రం తెలుసు. చెవి వెనక కాడ సర్దేటప్పుడు చల్లగా, ఏ తొందరా లేకుండా, అక్కడే ఇంకా ఏదో పని మిగిలి ఉన్నట్టు ఆగే వేళ్ళు.

ఇవాళ జోడు ఆమె కళ్ళమీదే ఉంది, ముఖం ఎదురుగా ఉంది. ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ. నవ్వు పెదవులకంటే ముందు కళ్ళ కొసలకి వస్తోంది. ఇన్నాళ్ళూ ఆమె ఇష్టపడింది ఒక మసకని. ఆ మసకకి ఉన్నట్టుండి ముక్కూ చెవులూ, గీసుకోని గడ్డమూ వచ్చేసరికి కొంచెం భయమేసింది.

ముంజేతిమీద పెన్నుతో గుర్తులు పెట్టింది. గుర్తు పక్కన ఒక్కొక్క సీసాలోంచి ఒక్కొక్క చుక్క. చుక్క మీంచి చర్మాన్ని సన్నటి ముల్లులాంటి దానితో ఒక్క పోటు, ప్రతి చుక్కకీ కొత్త ముల్లు. రక్తం రాదు. పడనిది ఉంటే పావుగంటలో అక్కడ దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. చివర రెండు చుక్కలు కాపలాకి. ఒకటి ఉత్త ఉప్పునీళ్ళు, అక్కడ ఏమీ లేవకూడదు. రెండోది హిస్టమిన్, అక్కడ ఎవరికైనా లేచి తీరాలి. ఆ రెండూ చెప్పినట్టు వింటేనే మిగతా చుక్కల మాట నమ్మొచ్చు.

వారం రోజులనించి జలుబు మాత్రలు ఏవీ వేసుకోలేదు కదా అని అడిగితే, లేదని చెప్పి, మధ్యలోనే మొహం తిప్పుకుని తుమ్మాడు. అదే రుజువు అన్నట్టు చూశాడు.

గోక్కోకుండా ఈ పావుగంటా పేషంటుని మాటల్లో పెట్టడం ఆమె ఉద్యోగంలో భాగం. రోజూ చేసే పనే. ఇవాళ ఆమెకి మాట దొరకలేదు. అతనికి దొరికింది.

జోడు ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందంది. కుడివైపు స్క్రూ కూడానా అన్నాడు. కుడివైపు స్క్రూ కూడానే అంది. “ఆశ్చర్యంగా ఉందే. వారం కావొస్తోంది,” అని చేతిమీద చుక్కల్ని శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెవులు వేడెక్కాయి. గదిలో ఫ్రిజ్ ఒక్కటే కాసేపు మాట్లాడింది.

తర్వాత తన కథ చెప్పాడు. తుమ్ములు కొన్ని నెలల కిందట మొదలయ్యాయి. పగలు ఫరవాలేదు, సాయంత్రమే గోల. అదీ అన్ని సాయంత్రాలూ కాదు. కొన్ని రోజులు బాగుంటుంది, బాగైపోయిందని సంబరపడేలోగా మళ్ళీ పట్టుకుంటుంది. కళ్ళు నీళ్ళు కారుతుంటే బుల్లి స్క్రూలు కనిపించవు. మొన్న ఎవరిదో ప్లస్ రెండు అద్దాన్ని ఇంకెవరి ఫ్రేములోనో బిగించాడు. షాపు మేనమామది. అద్దాలు అరగదీసే మిషను పొడి పడటం లేదు, అదే నీ జబ్బు అని మామయ్య తేల్చేశాడు. పెద్దమ్మ కొడుకు పక్క ఊళ్ళో గోడౌను నడుపుతున్నాడు, అక్కడ లెక్కలు చూసుకోడానికి రమ్మంటున్నాడు.

“ఈ చుక్కల్లో ఏదీ లేవకపోతే ఇక షాపు పొడే అని అర్థమట. డాక్టరమ్మ చెప్పారు. అప్పుడు షాపు వదిలేసి వెళ్ళిపోవడమే.”

“వెళ్ళడం ఇష్టమేనా?” ఆమె గొంతు ఉద్యోగం గొంతులానే వచ్చింది. అందుకు తనని తనే మెచ్చుకుంది.

“గోడౌనుకి ఎవరూ కళ్ళజోడు బాగుచేయించుకోడానికి రారు కదండీ,” అన్నాడు.

అంతే అన్నాడు. ఆ మాటలో ఎంత పాలు దిగులుందో, ఎంత పాలు వేళాకోళముందో కొలవడానికి ఆమె దగ్గర పరికరం లేదు. చర్మంమీద లేచినవాటిని కొలవడానికే ఒక పారదర్శకమైన స్కేలు ఉంది.

ఆ పావుగంటలో ఆమె చాలా నీచమైన ప్రార్థన ఒకటి చేసింది. ఏదో ఒకటి లేవాలని. దుమ్ముపురుగైనా సరే, బొద్దింకైనా సరే, అతనికి ఏదో ఒకటి పడకుండా పోవాలని. ప్రేమంటే ఎదుటివాడి క్షేమం కోరడం అని చదువుకుంది. ఇక్కడ కూర్చుని అతనికి దద్దుర్లు రావాలని కోరుకుంటోంది.

లేచింది.

ఉప్పునీళ్ళ చోటు నున్నగా ఉంది. హిస్టమిన్ చోటు బుద్ధిగా ఉబ్బింది. మిగతావన్నీ ఆరిపోయిన చుక్కలే. ఒక్క చోట మాత్రం, హిస్టమిన్ని కూడా వెనక్కి నెట్టేసి, అంచులు ఎర్రగా, కాళ్ళు చాపుకుని ఒక దద్దురు కూర్చుంది.

“ఏమిటది?” అన్నాడు.

“పిల్లి,” అంది ఆమె.

డాక్టరమ్మ వచ్చింది. పెద్దావిడ. కొలిచింది, చూసింది, మళ్ళీ కొలిచింది. ఇంట్లో పిల్లి ఉందా అని అడిగింది. లేదన్నాడు. పక్కింట్లో? లేదు. షాపులో? పిల్లులకి ఇంకా చూపు తగ్గలేదండీ అన్నాడు. ఆవిడ నవ్వింది గానీ వదల్లేదు. పిల్లిని ముట్టుకోనక్కర్లేదని, దాని ఎంగిలీ దాని ఒంటి పొట్టూ మనుషుల బట్టలకి అంటుకుని ఊరంతా తిరుగుతాయని, గుడ్డ కుర్చీల్లో చేరితే ఒక పట్టాన దిగవని చెప్పింది.

“సాయంత్రం ఎక్కడ కూర్చుంటావయ్యా నువ్వు?”

“షాపు కట్టేశాక భోజనం అక్కడే. కస్టమర్లు కూర్చునే దిండు కుర్చీ ఒకటుంది, అందులో.”

“పనివాడివి, నీ స్టూలు వదిలేసి ఆ కుర్చీలోనే ఎందుకూ?”

“మెత్తగా ఉంటుందండీ,” అన్నాడు అతను. ఆ దద్దురుకున్నంత ఎరుపు చెవుల్లోకి వచ్చింది.

తలుపు వెనక మేకుకి ఆమె శాలువా వేలాడుతోంది. క్లినిక్‌కి రాగానే తీసి తగిలించి, తెల్లకోటు వేసుకుంటుంది. స్క్రూ వదులైన సాయంత్రాలు మళ్ళీ కప్పుకుని, మలుపు తిరిగి, అతని షాపులో ఆ దిండు కుర్చీ వీపుమీద ఆరేసి కూర్చుంటుంది. నల్ల ఉన్ని శాలువా. ఇంట్లో అది ఆమెకంటే ఎక్కువగా దొరగారిది. దొరగారంటే మేనత్త పెంచే తెల్లపిల్లి. పడక అందులోనే. ఇక్కడినించి చూసినా నల్లటి ఉన్నిమీద తెల్ల వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

ఆమెకి ఒక్కసారిగా అన్ని సాయంత్రాలూ అర్థమయ్యాయి. బాగున్న సాయంత్రాలు ఆమె వెళ్ళనివి.

చెప్పాలి. ఒక్క మాట. మా ఇంట్లో పిల్లి ఉందండీ. కానీ ఆ మాట ఒంటరిగా రాదు. నెలల తరబడి తుమ్మాలంటే పిల్లి ఎన్నిసార్లు రావాలి? ఎందుకు రావాలి? అంత తేలిగ్గా వదిలే స్క్రూ ఏమిటది? రోగం పేరు చెబితే తన రోగం బయటపడుతుంది. డాక్టరమ్మ ఒకసారి శాలువా వైపు, ఒకసారి ఆమె వైపు చూసి, కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ కనిపెట్టింది. కనిపెట్టి, చెప్పే పని ఆమెకే వదిలేసింది.

ఆమె స్కేలు తుడిచింది. అంతకుముందే తుడిచిన స్కేలే.

“మీ పిల్లి చుక్కకి ఏదో తిక్క పుట్టినట్టుంది,” అన్నాడు అతను, చొక్కా చెయ్యి దించుకుంటూ. “లేని పిల్లిని నేనెక్కడ వెతకను? మామయ్య చెప్పిందే నిజమై ఉంటుంది. ఆదివారం వస్తాడు. షాపు అప్పగించేస్తాను.”

గుమ్మం దగ్గర ఆగాడు. “వెళ్ళేలోగా స్క్రూ వదులైతే రండి, మైనస్ నాలుగున్నర మేడమ్.”

ఆమె తల ఊపింది. గది తలుపు మూసుకున్నాక, చాలా స్పష్టంగా, “మా ఇంట్లో పిల్లి ఉందండీ,” అంది. ఫ్రిజ్ విన్నది.

*

ఇంట్లో మేనత్త బొమ్మ గీస్తూ కూర్చుంది. పిల్లలకి డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. మనుషుల్ని చూడగానే ఎక్కడ గీత వంకరపోయిందో పట్టేస్తుంది.

“ఇవాళ ఆ షాపుకి వెళ్ళలేదేమే?”

“ఏ షాపు?”

“ఈ ఊళ్ళో నీకు తెలిసింది ఒక్క షాపే కదా. కూరగాయల షాపుకి ఎలాగూ నేనే వెళుతున్నాను.”

ఆమె శాలువా తీసి బకెట్లో వేసింది. తన మంచం చల్లటి నీళ్ళలో మునిగిపోవడం దొరగారు గట్టుమీంచి చూశాడు. రాజ్యం పోయినవాడి చూపు. ఆమె అత్తకి అంతా చెప్పింది, స్క్రూడ్రైవర్ తప్ప. అత్త బొమ్మమీంచి తల ఎత్తకుండానే విన్నది.

“అంటే ఆ అబ్బాయికి నువ్వంటే తుమ్మొస్తోందన్నమాట.”

“నేనంటే కాదు. దొరగారంటే.”

“వాడేం చేశాడే, మంచంమీద పడుకున్నాడు. మంచాన్ని మోసుకెళ్ళి అక్కడ పరిచింది నువ్వు.” పెన్సిలు ఆపింది. “చెప్పడానికేం? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?”

“చెబితే, వారం వారం ఎందుకు వచ్చానని అడుగుతాడు.”

“అడక్కపోతే బాగుంటుందా?”

ఆమె ఆ ప్రశ్నతో చాలాసేపు కూర్చుంది. అడగడని భయమా, అడుగుతాడని భయమా? ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చోడం ఎందుకంత హాయిగా ఉండేదో ఆలోచించింది. జోడు తీసేస్తే అతను కనిపించడు. కనిపించకపోతే తనూ కనిపించనట్టే ఉండేది. చిన్నపిల్లలు కళ్ళు మూసుకుని దాక్కున్నామనుకుంటారు, అలా. అతను మాత్రం అంత దగ్గరినించి, పూర్తి వెలుతురులో, ప్రతిసారీ తనని చూస్తూనే ఉన్నాడు. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తట్టింది.

*

మర్నాడు సాయంత్రం వాన. ఊరికే పడే వాన కాదు, ఇంటికి వెళ్ళేవాళ్ళనే చూసి చూసి పడే వాన. ఆమె పొద్దున్నే తలంటుకుని, తీగమీంచి అప్పుడే తీసిన బట్టలు కట్టుకుని, అడ్డం వచ్చిన దొరగారిని దూకి దాటి ఇంట్లోంచి బయటపడింది. శాలువా లేక చలికి భుజాలు దగ్గరికి ముడుచుకుపోయాయి.

షాపు మెట్టుమీదే, గొడుగు కిందే నిలబడింది. లోపల అతను అట్టపెట్టెల్లో ఫ్రేములు సర్దుతున్నాడు. దిండు కుర్చీ మాత్రం ఇంకా యథాస్థానంలో ఉంది.

“లోపలికి రండి. తడుస్తున్నారు,” అన్నాడు. ఆమె ముఖాన్ని చూసి, “వదులైందా?” అన్నాడు.

“ఆ కుర్చీ దిండు పారేయండి.”

“ఏం?”

“మా ఇంట్లో పిల్లి ఉంది. తెల్లది. నా శాలువాలో పడుకుంటుంది.”

చెప్పాక వాన చప్పుడు ఎక్కువైనట్టనిపించింది. అతను చేతిలో ఫ్రేము కింద పెట్టాడు. కుర్చీని చూశాడు. దాని వీపుని, ఆమె శాలువా ఆరేసే చోటుని చూశాడు. ఆ తర్వాత నవ్వు, అలవాటు ప్రకారం, ముందు కళ్ళ కొసలకి వచ్చింది.

“అంటే నిన్న డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది మిమ్మల్నేనన్నమాట.”

“నాకు అప్పుడే తెలిసింది. చెప్పలేకపోయాను.”

“నేనూ చెప్పలేదు లెండి. ఆ కుర్చీ మెత్తగా ఏమీ ఉండదు. దూది ఎప్పుడో ముద్దకట్టింది.”

ఆమె గొడుగు మూసింది. లోపలికి వచ్చింది. ఇద్దరి మధ్యా అద్దాల బల్ల. ఇద్దరూ ఒక తుమ్ము కోసం ఎదురుచూశారు. రాలేదు.

ఆమె తన ఉద్యోగం గొంతు కోసం వెతుక్కుని, దొరికినంతవరకూ మాట్లాడింది. షాపు పొడి కాదని, మామయ్యకి అదే చెప్పమని. దిండు తీసేసి షాపంతా తడిగుడ్డతో తుడవాలని. మందులున్నాయని. అవి చాలకపోతే ఇంజెక్షన్లున్నాయని, ఆ పిల్లి మందునే రవ్వంత ఇచ్చి మొదలుపెట్టి, వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారని, తర్వాత నెలకొకటి చాలని, తొందరపడితే కుదరదని, ఏళ్ళు పడుతుందని.

“ఏళ్ళా?”

“మూడేళ్ళు. ఒక్కోసారి ఇంకా ఎక్కువ.”

“ఎవరిస్తారు?”

“డాక్టరమ్మ రాసిస్తారు. ఇచ్చేది నేనే.”

అతను అది లోపల ఎక్కడో భద్రంగా పెట్టుకున్నట్టు తల ఊపాడు. పెట్టెలోంచి ఫ్రేము ఒకటి తీసి మళ్ళీ గోడకి తగిలించాడు. ఇంకొకటి తగిలించాడు.

“అయితే ఇక రావాల్సింది నేనన్నమాట,” అన్నాడు. “ఏదీ, మీ జోడు ఇటివ్వండి.”

ఇచ్చింది. అతను మళ్ళీ మసకైపోయాడు. కానీ ఈసారి ఆ మసకలో కనుబొమ్మ మచ్చ ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు.

“ఇవాళ బిగుతుగానే ఉందే,” అంది మసక. సొరుగు తెరుచుకున్న చప్పుడు. బల్లమీద ఏదో చిన్న సీసా పెట్టిన చప్పుడు. “ఇది గమ్ము. ఏ జోడు బాగుచేసినా చివర స్క్రూమీద దీన్ని ఒక్క చుక్క వేస్తాం. వేస్తే ఇక వదలదు. ఊళ్ళో అందరి జోళ్ళకీ వేశాను. మీ దానికి ఒక్కసారీ వెయ్యలేదు.”

ఆమె ఊపిరి ఒకటి దారి తప్పింది.

“అయినా దానంతట అది వారానికోసారి వదలదు,” అన్నాడు అతను, ఇంకా మెల్లగా. “స్క్రూ తలమీద గీతలుంటాయి. నావి కానివి. లెన్సు పెట్టి చూస్తే ఎంత భయపడుతూ తిప్పారో కూడా తెలుస్తుంది.”

ఆమె ఎటు చూసినా మసకే. దాక్కోడానికి చాలా వీలుగా ఉంది. ఇన్నాళ్ళూ ఇక్కడే దాక్కుంది.

“ఇప్పుడు వేసెయ్యమంటారా?” అన్నాడు. “వేశాక మళ్ళీ రావడానికి మీరు వేరే కారణం వెతుక్కోవాలి. లేదా కారణం లేకుండా రావాలి. ఆలోచించుకుని చెప్పండి.”

వాన ఆగలేదు. ఆమె బ్యాగు తెరిచింది. లోపల తాళాలు, గుడ్డ, బస్సు టిక్కెట్లు చేతికి తగిలాయి. అడుగున, ఎప్పుడూ ఉండే మూలనే, అది దొరికింది. కళ్ళతో పని లేకుండానే బల్ల అంచు తడుముకుని, గమ్ము సీసా పక్కన, ఆ బుల్లి స్క్రూడ్రైవర్ని బయటపెట్టింది.